కడ్డీ పక్కన పద్దు పుస్తకం

ఇటు జరగండ్రా, గాలి తిరిగింది. అక్కడ కూర్చుంటే పొగంతా మీ కళ్లలోకే. ఆ కొబ్బరి డొక్కలు ఇంకో రెండు వెయ్యండి. జీడి తొక్కలు మాత్రం వెయ్యొద్దు, ఆ పొగ ఒంటికి పడదు. అమ్మలూ, నువ్వు నా పక్కకి రా. ఆ పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని తిరగెయ్యి గాని మంటకి దూరంగా పట్టుకో. పైనున్నది మరీ పాతది. అట్ట ఊడిపోయింది, కుట్టు దగ్గర పట్టుకుని మెల్లగా తియ్యి.

మధ్యాహ్నం అడిగావు కదా, "తాతా, అప్పట్లో ఎంత ఎత్తావో నీకింకా ఎలగ గుర్తుంది?" అని. గుర్తుండి చెప్పలేదమ్మా, రాసి ఉంది కాబట్టి చెప్పాను. నువ్విప్పుడు హాస్టల్లో చేరి బరువులెత్తే బారు పట్టావు. ఈ ముచ్చట ఎవరికైనా చెప్పాలంటే ముందు నీకే చెప్పాలి. మిగతా గుంటలు కూడా వినండి, పనికొస్తుంది.

మా తాత రోజుల్లో మన చుట్టుపక్కల ఊళ్లలో గరిడీలుండేవి. సాయంత్రం పశువుల్ని కట్టేసి కుర్రాళ్లు అక్కడికి చేరేవాళ్లు. దండీలు, బస్కీలు తీసేవాళ్లు, కర్లాకట్టలు తిప్పేవాళ్లు, కర్రసాము చేసేవాళ్లు. పండగొస్తే సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు. ఆ రాయి ఎన్ని కిలోలని ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఫలానా రాయి ఎత్తినోడు అంటే చాలు, వాడి బలం ఎంతో ఊరందరికీ తెలిసిపోయేది. ఎవడు ఎన్ని బస్కీలు తీశాడో గరిడీ గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టేవాళ్లు. సంక్రాంతికి గోడకి సున్నం వేస్తే ఏడాది లెక్కంతా దాని కిందకి పోయేది. మళ్లీ మొదటి గీత.

కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు వినని ఇల్లు మన పక్కన లేదు. వీరఘట్టంలో పుట్టిన మనిషి. ఒంటికి చుట్టిన గొలుసుని ఊపిరి బిగించి తెంపేవాడు, ఏనుగుని రొమ్ము మీద ఎక్కించుకునేవాడు, కదిలే కార్లని ఆపేవాడు. కలియుగ భీముడని పేరొచ్చింది. మా తాత ఆయన సర్కసు గురించి చెప్తుంటే మేం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. కాస్త పెద్దయ్యాక నాకో ప్రశ్న మొదలైంది. ఆ ఒళ్లు ఎలగ తయారైంది? ఏ వయసులో ఎన్ని దండీలు? జ్వరమొచ్చి పడుకుంటే మళ్లీ ఎక్కణ్నుంచి మొదలెట్టాడు? అడిగితే మన ఊళ్లో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆయన చేసిన ఘనకార్యాలు అందరి నోళ్లలో ఉన్నాయి. వాటి వెనక రోజూ చేసిన సాధన ఏదో మా దాకా రాలేదు. అంత మనిషి మన పక్కన పుట్టి, ఆ దారి మన కుర్రాళ్లకి అందకపోయిందే అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మా హైస్కూలుకి డ్రిల్లు మేష్టారు వచ్చాక మాకు బరువులెత్తడం తెలిసింది. ఆయన వేసవి సెలవుల్లో పటియాలా వెళ్లి, అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్‌లో కోర్సు చేసొచ్చారు. 1961లో పెట్టిన సంస్థ అది. దేశం మొత్తానికి కోచ్‌లు అక్కడే తయారయ్యేవాళ్లు. ఆయన తిరిగొచ్చేటప్పుడు ఏవో కొత్త సామాన్లు తెస్తారని మేం ఎదురుచూశాం. ఆయన తెచ్చింది ఒక కట్ట కాగితాలు. గళ్లు గీసి, అంకెలు నింపిన కాగితాలు.

మాకున్న సామాను చెప్తాను వినండి. లేతు మిషను మీద తీయించిన ఇనప కడ్డీ ఒకటి, మధ్యలో కాస్త వంగి ఉండేది. పోత ఇనుము బిళ్లలు, వాటి మీద పౌన్లలో అంకెలు. దేశమంతా కిలోల్లోకి మారిపోయినా ఆ బిళ్లలు పాత కాలానివి. 45, 35, 25, 10, 5 అని పోత పోసి ఉండేవి. రబ్బరు బిళ్లలు అప్పటికి మేం చూడను కూడా లేదు. బారు కింద పడితే నేల అదిరిపోతుందని రెండు వైపులా ఊక బస్తాలు పరిచేవాళ్లం.

మేష్టారు మొదటిరోజు ఎవర్నీ బరువు ముట్టుకోనివ్వలేదు. ఆ బిళ్లలన్నీ ఒంటెద్దు బండి మీద వేయించి రైసు మిల్లుకి తీసుకెళ్లారు. మిల్లు కాటా మీద ఒక్కో బిళ్లా పెట్టి తూకం వేయించారు. 25 పౌన్లంటే 11 కిలోల 340 గ్రాములు ఉండాలి. మా దగ్గరున్న రెండు బిళ్లల్లో ఒకటి దానికి తక్కువ తూగింది, ఇంకోటి ఎక్కువ తూగింది. రెండూ చెరోవైపు వేస్తే బారు ఎందుకు ఒక పక్కకి లాగుతోందో అప్పుడు తెలిసింది మాకు. కడ్డీ తూస్తే 17 కిలోల 300 గ్రాములు వచ్చింది. పోటీల్లో మగవాళ్ల బారు 20 కిలోలు ఉంటుంది. ఆ తూకాలన్నీ మా చేత రాయించారు. ఇదిగో, మొదటి పేజీ ఇదే. చూడు, బిళ్ల పేరు, పౌన్లు, కాటా తూకం, పక్కన గుర్తు. తేలిక బిళ్లకి సుద్దతో ఒక చుక్క, బరువు బిళ్లకి రెండు చుక్కలు. రెండు చుక్కలది ఎప్పుడూ తూర్పు వైపే వెయ్యాలని కింద రాసి ఉంది చూశావా? ఎలాగూ తేడా ఉంది కాబట్టి, ఆ తేడా రోజూ ఒకే వైపు ఉంటే కనీసం దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు కదా.

పుస్తకం అంటే ఏదో ప్రత్యేకమైనది కాదు. కోమటి కొట్లో పద్దులు రాసుకునే పొడుగు పుస్తకం, ఎర్ర గుడ్డ అట్ట. కలంతో రాయొద్దన్నారు మేష్టారు. చేతుల చెమట తగిలితే సిరా పాకిపోతుంది. మాలో ఒకడి నాన్న రైల్వే గార్డు. వాడు నాన్న దగ్గర కాపీయింగ్ పెన్సిల్ తెచ్చి దాంతో రాసేవాడు. రాసినప్పుడు నల్లగా ఉండి, తడి తగిలితే ఊదారంగులోకి తిరిగే పెన్సిల్ అది. చూడ్డానికి బాగుంటుందని నేనూ కొన్నాళ్లు దాంతోనే రాశాను. 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి మన ఇంటి పెంకులు లేచిపోయి ట్రంకు పెట్టెలోకి నీళ్లు దిగాయి. మీకూ గుర్తుండే ఉంటుంది, ఉద్దానంలో కొబ్బరి చెట్లు నేలకొరిగిన రాత్రి అది. తెల్లారి పుస్తకాలు తీసి చూస్తే ఊదారంగు పేజీలు మొత్తం ఒకటే మరక. మామూలు పెన్సిల్‌తో రాసినవి కాగితం ముడతలు పడింది గాని అంకె అంకె నిలిచింది. అందుకే నీకు పెన్సిల్ పెట్టె ఇచ్చి పంపుతాను.

ఒక పేజీ చదువుతాను, ఆ టార్చి ఇలా పట్టు. పైన తేదీ. పక్కన ఒళ్లు 59.4. అంటే పొద్దున్నే లేచి, ఏమీ తినకుండా చూసుకున్న బరువు. నాది 60 కిలోల తరగతి, అందుకే ఆ అంకె మీద అంత కాపలా. దాని కింద నాడి 62. మంచం మీంచి లేవకముందే మణికట్టు పట్టుకుని లెక్కపెట్టాలి. మామూలుగా 62 ఉండేవాడికి ఒకరోజు 72 ఉందంటే నిన్నటి కష్టం ఇంకా ఒంట్లోంచి దిగలేదనో, జ్వరమేదో రాబోతోందనో అర్థం. ఆ రోజు బరువు తగ్గించెయ్యాలి. తరవాత, నిద్ర బాగానే, రాత్రి చోడి అంబలి, ఎండు చేప, పొద్దున్న ఉలవ గుగ్గిళ్లు అని ఉంది. ఆ తరవాత అసలు పని. గీత పైన బరువు, గీత కింద ఎన్నిసార్లు, పక్కన ఎన్ని విడతలు.

స్నాచ్, అంటే నేలమీంచి ఒక్క ఊపులో తల పైకి ఎత్తడం. 50 కిలోలు మూడేసి, రెండు విడతలు. 60 మూడేసి, మూడు విడతలు. 70 రెండేసి, నాలుగు విడతలు. 75 ఒక్కొక్కటి, మూడు విడతలు. కుడి పక్క మార్జిన్‌లో కూడిక. మొదటిది 300, రెండోది 540, మూడోది 560, నాలుగోది 225. మొత్తం 1,625 కిలోలు. ఒక్క స్నాచ్‌కే ఆ రోజు నేలమీంచి లేపిన బరువు అది. వారం చివర అన్నీ కూడితే వారం బరువు, నెల చివర నెల బరువు. ఈ నెల బరువు పెంచితే వచ్చే నెల మొదటి వారం తగ్గించాలి. పోటీ దగ్గరపడితే మొత్తం బరువు దించెయ్యాలి గాని పెద్ద బరువుల్ని పూర్తిగా వదలకూడదు. పటియాలా కాగితాల్లో ఉన్నది ఈ లెక్కే. అది రష్యావాళ్ల దగ్గర్నుంచి వచ్చిన పద్ధతి.

తరవాత్తరవాత పటియాలాలో చదివొచ్చిన కుర్ర కోచ్‌లు ఒక పట్టిక తెచ్చారు. ప్రిలెపిన్ అని సోవియట్ కోచ్ ఒకాయన, బోలెడంతమంది లిఫ్టర్ల సాధన పుస్తకాలు తిరగేసి కట్టిన పట్టిక అది. నువ్వు ఎత్తగలిగే అత్యధిక బరువులో 70 నుంచి 80 శాతం మధ్య పనిచేస్తే విడతకి మూడు నుంచి ఆరు, మొత్తం సుమారు 18. 80 నుంచి 90 మధ్య అయితే విడతకి రెండు నుంచి నాలుగు, మొత్తం 15. 90 శాతం దాటితే ఒకటో రెండో, మొత్తం ఏడు. అది విని మా మేష్టారు ఎంత సంతోషపడ్డారో! ఎందుకో తెలుసా? ఆ పట్టిక ఎవరో గదిలో కూర్చుని ఊహించింది కాదు. ఎక్కడెక్కడి కుర్రాళ్లో చెమట చేతుల్తో రాసుకున్న పుస్తకాల్లోంచి పుట్టింది. మనలాంటి వాళ్లు రాసుకున్నదే అంత పెద్ద విద్య అయింది.

ఎప్పుడు రాయాలో కూడా ఆయనే చెప్పారు. ఇంటికెళ్లి అన్నం తిని రాస్తానంటే ఒప్పుకునేవారు కాదు. విడత అయ్యాక బారు కింద పెట్టి, రెండు మూడు నిమిషాలు ఊపిరి తీసుకుంటాం కదా, ఆ సమయంలోనే రాయాలి. పుస్తకం గోడ మేకుకి పురికొసతో వేలాడుతూ ఉండేది. రాస్తున్నంతసేపూ మనిషి కుదురుగా ఉంటాడు. గుండె దిగుతుంది. పైన రాసిన అంకె, కింద రాయబోయే అంకె రెండూ కంటి ముందుంటాయి. తొందరపడి బరువు వేసుకునే కుర్రాణ్ని ఆ రెండు నిమిషాలే ఆపుతాయి. ఇంటికెళ్లాక అయితే మనసు ఊరుకోదు, చేసినదానికి కాస్త కలుపుతుంది. వంగిన మోచేతిని నిటారుగా చేసేస్తుంది.

ఎత్తలేకపోయిన బరువు రాయడంలో మేష్టారు మరీ పట్టుదల. దాన్ని కొట్టెయ్యకూడదు, వదిలెయ్యకూడదు. అంకె స్పష్టంగా రాసి దాని మీద ఒక్క అడ్డగీత పెట్టాలి. పక్కన ఎక్కడ పోయిందో రాయాలి. ముందుకి పోయింది. వెనక్కి పోయింది. మోకాలి దగ్గరే ఆగింది. ఎడమ మోచెయ్యి వంగింది. నా పుస్తకాల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చినవి ఆ అడ్డగీతలే. ఎత్తగలిగిన బరువు నాకు సంతోషాన్నిచ్చింది గాని, దాని దగ్గర నేను నేర్చుకున్నది తక్కువ.

ఒకప్పుడు నా స్నాచ్ 77.5 దాకా వచ్చింది. క్లీన్ అండ్ జర్క్ మాత్రం 92.5 దగ్గర ఆగిపోయింది. ఎన్ని వారాలు పోయినా కదల్లేదు. తిండి చాలలేదేమో అనుకున్నాను. మా అమ్మ పాపం గుడ్లు పెంచింది. ఆదివారం మేష్టారు అందరి పుస్తకాలూ తన ఇంటి అరుగు మీద పరుచుకుని ఎర్ర పెన్సిల్‌తో చూసేవారు. నా పుస్తకం తీసి చాలాసేపు వెనక్కీ ముందుకీ తిప్పారు. స్నాచ్ మామూలుగా క్లీన్ అండ్ జర్క్‌లో 80 శాతం చుట్టూ ఉంటుంది. అంటే 77.5 స్నాచ్ చేసేవాడు ఆ రెండోది 97.5 దాకా చెయ్యగలగాలి. మరి ఆ ఐదు కిలోలు ఎక్కడ పోయాయి? అడ్డగీతలున్న చోటల్లా ఆయన ఎర్ర చుక్క పెట్టుకుంటూ వచ్చారు. ఆ చుక్కల పక్కన నేను రాసుకున్న మాటలు చదవమన్నారు. క్లీన్ అయింది, జర్క్ ముందుకి పోయింది. క్లీన్ అయింది, జర్క్ ముందుకి పోయింది. దాదాపు అన్నిచోట్లా అదే. అంటే బరువు భుజాల మీదకి వస్తోంది, కాళ్లలో బలం ఉంది. భుజాల మీంచి తల పైకి తోసేటప్పుడు ఒళ్లు ముందుకి వాలుతోంది, వెనక కాలు చాలినంత చాచడం లేదు. నా చేత్తో నేనే రాసుకుని, నాకే కనపడలేదది. ఆయన ఏమీ వివరించలేదు. పేజీ కింద ఒక్క ముక్క రాశారు, ఇదిగో ఇక్కడ, "రాటల మీంచి జర్క్, వారానికి మూడు రోజులు." రెండు సరుగుడు రాటలు పాతి, వాటి మీద భుజమంత ఎత్తులో బారు పెట్టి, క్లీన్ లేకుండా ఒక్క జర్కే సాధన చేశాను. నేల మీద ముగ్గుతో కాళ్ల గుర్తులు గీసుకుని చేసేవాణ్ని. ఆ ఐదు కిలోలూ వచ్చాయి. ఒకేసారి రాలేదు, 95 వచ్చి, కుదురుకుని, ఆ తరవాత 97.5 వచ్చింది. అప్పట్లో పోటీల్లో బరువు మామూలుగా 2.5 కిలోల మెట్ల మీదే పెరిగేది. ఇప్పుడు మీకున్న ఒక్క కిలో మెట్టు 2005లో వచ్చింది.

మా జట్టులోనే ఇంకొకడున్నాడు. పేరెందుకులే, ఊళ్లోనే మనవలున్నారు. మా అందరికంటే బలవంతుడు. ఎత్తడం చూస్తే ముచ్చటేసేది. రాయడమంటే మాత్రం వాడికి గిట్టేది కాదు, అన్నీ నా తలలో ఉన్నాయి అనేవాడు. ఒక వానాకాలం మలేరియా వచ్చి మంచం పట్టాడు. నాకూ అదే నెలలో జ్వరమొచ్చింది. నేను లేచి వచ్చినరోజు మేష్టారు నా పుస్తకంలో జ్వరానికి ముందు పేజీ తీశారు. మూడేసిసార్లు శుభ్రంగా చేసిన ఆఖరి బరువు ఎంతో చూసి, దాన్లో మూడింట రెండు వంతులతో మొదలెట్టమన్నారు. వారం వారం పెంచుకుంటూ పోయాం. వాడు మాత్రం లేచిన రెండో రోజే, జ్వరానికి ముందు నేను 90తో ఆడుకునేవాణ్ని అంటూ బారు మీద 90 వేసుకున్నాడు. వాడు ఆడుకున్నది 85తోనని మా అందరి పుస్తకాల్లో ఉంది. జతగా చేసినవాళ్ల బరువు కూడా పక్కన రాసేవాళ్లం కదా. వద్దన్నాం, వినలేదు. బారు పైకి లేచింది, మోచెయ్యి వెనక్కి తిరిగింది. ఆ చప్పుడు నేను మర్చిపోలేదు. కట్టు కట్టించుకుని వచ్చాడు, చెయ్యి మళ్లీ పూర్తిగా చాచలేకపోయాడు. ఆ తరవాత పొలం పనుల్లోకి వెళ్లిపోయాడు. బలం విషయంలో వాడు మాకంటే ఎంతో ముందున్నాడు. కావలసింది ఒక పెన్సిలూ, మూడు నెలల ఓపికా.

ఈ పేజీల్లో ఎడమ వైపు గడి చూడు. మూడు గళ్లు గీసి ఉంటాయి. ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జర్క్. నువ్వు ప్రెస్ చూసి ఉండవు. బారు భుజాల మీదకి తెచ్చుకుని, కాళ్లు కదపకుండా, చేతుల బలంతోనే పైకి తొయ్యాలి. రాన్రానూ లిఫ్టర్లు నడుం వెనక్కి విల్లులా వంచేసి తోస్తుంటే అది ప్రెస్ అవునో కాదో జడ్జీలే తేల్చలేకపోయారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తరవాత దాన్ని తీసేశారు. మాలో కొందరికి ప్రెస్సే పెద్ద ఆస్తి. ఆ వార్త వచ్చినరోజు వాళ్ల మొహాలు చూడలేకపోయాం. ఇక్కడ్నుంచి చూడు, మొదటి గడి ఖాళీగా ఉంటూ వస్తుంది. మేష్టారు ఆ గడి చెరపొద్దన్నారు. భుజాలకి ఆ పని ఎలాగూ కావాలి, వారానికోసారి చేసి అక్కడే రాయమన్నారు. కొన్నాళ్లకి మళ్లీ అంకెలు కనపడతాయి, చిన్న చిన్నవి.

అమ్మాయిలు వస్తారని అప్పట్లో మేం అనుకోలేదు. నేను వాల్తేరులో రైల్వే ఉద్యోగంలో ఉన్నప్పుడు సెలవుకి వచ్చి చూస్తే ఆమదాలవలసలో ఆడపిల్లలు బార్‌బెల్ ఎత్తుతున్నారు. నీలంశెట్టి అప్పన్న గారు నేర్పేవారు. ఊసవానిపేట కరణం మల్లీశ్వరి అక్కడే తయారైంది. 1994లో ఇస్తాంబుల్‌లో, 1995లో గ్వాంగ్‌జౌలో ప్రపంచ విజేత అయింది. 2000లో సిడ్నీ. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టింది అప్పుడే. ఆ పేజీ తియ్యి, పచ్చ అట్ట పుస్తకంలో ఉంది. సెప్టెంబర్ 19. టీవీ ముందు కూర్చుని నేను రాసుకున్నది. 69 కిలోల తరగతి. స్నాచ్ 110. క్లీన్ అండ్ జర్క్ 130. మొత్తం 240. దాని పక్కన 137.5, దాని మీద అడ్డగీత. బంగారం కోసం వేసిన బరువు అది. మొదటి ఇద్దరి మొత్తం 242.5. రెండున్నర కిలోల తేడాలో మూడో స్థానం. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మన మట్టిలోంచి వచ్చింది. నేను ఏడ్చాను, మీ నాయనమ్మ కూడా ఏడ్చింది. ఆ అడ్డగీత పెట్టేటప్పుడు నా చెయ్యి ఆగింది గాని, పెట్టాను. పతకం ఎంత నిజమో ఆ మూడో ప్రయత్నం అంత నిజం. 130 అయ్యాక 137.5 అడగాలంటే ఎంత గుండె కావాలి! ఆ అంకె రాసి లేకపోతే రేపు ఎవరికి తెలుస్తుంది?

ఆ తరవాత మన పక్క నుంచి వరసగా వచ్చారు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఇంటికో లిఫ్టర్ ఉన్నాడంటారు. మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల నుంచి పతకం తెచ్చింది. అటు స్టూవర్టుపురం నుంచి రాగాల వెంకట రాహుల్ 2018లో గోల్డ్ కోస్ట్‌లో 85 కిలోల తరగతిలో బంగారం గెలిచాడు. మంచి బార్లు వచ్చాయి, చెక్క వేదికలు వచ్చాయి, రంగు రంగుల రబ్బరు బిళ్లలు వచ్చాయి. ఎరుపు 25, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. మాలా మిల్లుకి మోసుకెళ్లి తూయించుకోవాల్సిన పని మీకు లేదు.

నీ ఫోనులో కూడా రాసుకోవచ్చని నువ్వు చూపించావు. బాగుంది. నెల మొత్తం గీతలా పైకి కిందకి చూపిస్తోంది, మేం అది చేత్తో కూడుకుని కూడుకుని చూసేవాళ్లం. నీ వీడియోలు కూడా దాంట్లోనే ఉన్నాయి. భుజం ఎక్కడ పోతోందో ఆపి చూడొచ్చు. అది వదలమని నేను చెప్పను. కానీ నువ్వు మొన్న సాధన చేస్తుంటే చూశాను. విడత అయ్యాక ఫోను తీసి అంకె కొట్టావు, వెంటనే పైన ఏదో కబురు వచ్చింది, అది చదివావు, దానికి జవాబిచ్చావు. మళ్లీ బారు దగ్గరికొచ్చేసరికి ఆరు నిమిషాలు. ఒళ్లు చల్లారిపోయింది, ఆ తరవాతి స్నాచ్ ముందుకి పోయింది. ఆ ముందుకి పోయిన సంగతి దాంట్లో ఎక్కడా రాలేదు, ఎందుకంటే దాంట్లో ఎత్తిన బరువుకే గడి ఉంది. పోయినదానికి లేదు. ఇంకోటి చెప్తాను. మేష్టారు నా పుస్తకం పట్టుకున్నప్పుడు అంకెలతో పాటు నా రాత చూసేవారు. అలిసిపోయినరోజు నా 7 వంకర తిరుగుతుందని ఆయన కనిపెట్టారు. నాడి రాయడం మర్చిపోయినా, ఆ 7 చూసి బరువు తగ్గించమనేవారు.

అందుకని ఈ సెలవులయ్యాక నువ్వు తీసుకెళ్లాల్సింది ఇదిగో, కొత్త పొడుగు పుస్తకం, గీతలున్నది. మొదటి పేజీలో నీ బారు బరువు రాయి. ఆడవాళ్ల బారు 15 కిలోలు, మగవాళ్లది 20. రెండూ ఒకే చోట ఉంటాయి మీ హాస్టల్లో. చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది, మీది కాస్త సన్నం, 25 మిల్లీమీటర్లు, వాళ్లది 28. ఏది పట్టావో రాయకపోతే ఆ రోజు లెక్కంతా ఐదు కిలోలు తేడా వచ్చేస్తుంది. రెండో పేజీలో నీ ఒంటి బరువు, పొద్దుటి నాడి, వారం పాటు ఏ సాధనా లేకుండా ఉన్నప్పుడు ఎంతుందో. అది తెలిస్తే తరవాత పెరిగినప్పుడు తెలుస్తుంది. మూడో పేజీ నుంచి సాధన. నెలసరి వచ్చిన రోజులు కూడా గుర్తు పెట్టు, మా పుస్తకాల్లో అది లేదు, నీ దాంట్లో ఉండాలి. మీ కోచ్ మేడంకి సిగ్గుపడకుండా చూపించు. ఎత్తలేనిదానికి ఒకటే అడ్డగీత, పక్కన ఎక్కడ పోయిందో రెండు ముక్కలు. ఫోను సంచిలో పెట్టి పుస్తకం గోడకి తగిలించు. మీ హాస్టల్లో మేకు లేకపోతే చెప్పు, మీ నాన్నతో పంపిస్తాను.

ఆ కొబ్బరి డొక్క అటు తొయ్యి, మంట సరిగ్గా అంటుకోలేదు. ఇప్పుడు చెప్పు, నిన్న నీ స్నాచ్ ఎంత, ఎన్నో విడతలో పోయింది?